రొయ్యలా, స్పిరులినానా? ముందు లెక్క సరిచూద్దాం

"రొయ్యల కంటే స్పిరులినాలో మూడు రెట్లు ప్రొటీన్ ఉందట కదా డాక్టర్ గారూ, అమ్మాయికి ఆ మాత్రలే వాడితే సరిపోతుందా?" ఓపీలో ఈ మధ్య ఇలాంటి ప్రశ్నలు తరచుగా వినిపిస్తున్నాయి. అడిగేవాళ్లలో చాలామంది చదువుకున్నవాళ్లే. వాట్సాప్‌లో వచ్చిన పట్టికనో, డబ్బా మీద అచ్చువేసిన అంకెలనో చూపిస్తారు. ఆ అంకెలు అబద్ధం కాదు. వాటిని చదివే తీరులోనే తిరకాసు ఉంది. దానివల్ల డబ్బు వృథా కావడం ఒక్కటే కాదు, కొన్ని ఇళ్లలో అసలు జబ్బుకు చికిత్స కూడా ఆలస్యమవుతోంది. అందుకే ఈ లెక్కను కాస్త తీరిగ్గా విప్పి చూద్దాం.

రొయ్య మనకు కొత్త కాదు. దేశంలో రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. స్పిరులినా మాత్రం చాలామందికి డబ్బాలోనే పరిచయం. చూడ్డానికి నీలి ఆకుపచ్చ నాచులా ఉంటుంది కానీ, నిజానికి అది సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకునే ఒక రకం బ్యాక్టీరియా. ఆఫ్రికాలో చాద్ సరస్సు చుట్టుపక్కల జనం దాన్ని తరతరాలుగా సేకరించి, ఎండబెట్టి, కూరల్లో కలుపుకొని తింటున్నారు. మన దగ్గర పొడి రూపంలో, మాత్రల రూపంలో దొరుకుతోంది.

ఎండుదానికీ పచ్చిదానికీ పోటీ

వంద గ్రాముల స్పిరులినా పొడిలో సుమారు 57 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. వంద గ్రాముల పచ్చి రొయ్యల్లో సుమారు 20 గ్రాములు. ఇంతవరకు పట్టికలో ఉన్నది నిజమే. అయితే పచ్చి రొయ్య బరువులో దాదాపు మూడొంతులకు పైగా నీరే. స్పిరులినా పొడిలో నీరు నూటికి అయిదు పాళ్లు. ఎండుద్రాక్షను పచ్చి ద్రాక్ష పక్కన పెట్టి, ఎండుదాంట్లో తీపి ఎక్కువంటే ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదే. ఉప్పు కలపకుండా ఎండబెట్టిన రొయ్యపొట్టును తూచి చూస్తే, అందులోనూ ప్రొటీన్ 60 గ్రాములు దాటుతుంది. మన వంటింట్లో ఉండే మీల్‌మేకర్‌లోనూ వంద గ్రాములకు 50 గ్రాములకు పైగా ఉంటుంది.

అసలు ప్రశ్న ఒకటే. మీరు రోజూ ఎంత తింటారు? స్పిరులినా మాత్ర సాధారణంగా అర గ్రాము ఉంటుంది. రోజుకు ఆరు వేసుకున్నా మొత్తం మూడు గ్రాములు. అందులో వచ్చే ప్రొటీన్ 2 గ్రాముల లోపే. వలిచిన రొయ్యలు వంద గ్రాములు ఇగురు పెట్టుకుని తింటే 20 గ్రాములు అందుతుంది. అంత ప్రొటీన్ స్పిరులినా నుంచి రావాలంటే 70 మాత్రలు మింగాలి. 55 కిలోల బరువున్న స్త్రీకి రోజుకు 46 గ్రాముల ప్రొటీన్ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది.

ఇంట్లో స్పిరులినా డబ్బా ఉంటే ఒకసారి తీసి చూడండి. అర గ్రాము మాత్రలు 60 ఉంటే, మొత్తం డబ్బాలో ఉన్న ప్రొటీన్ 17 గ్రాములు. మూడు కోడిగుడ్లలో ఉన్నది కూడా దాదాపు అంతే. డబ్బా ధర, మూడు గుడ్ల ధర పక్కపక్కన రాసుకోండి. మరో సంగతి. రొయ్యల ధరను పోల్చేటప్పుడు తల, పొట్టు తీశాక కిలోకు సుమారు సగమే మిగులుతుందని గుర్తుంచుకోండి.

రక్తహీనతకు ఈ రెండూ మందు కాదు

ప్రొటీన్ సంగతి డబ్బుతో పోతుంది. ఐరన్ సంగతి అలా కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇది పేదల ఇళ్లకే పరిమితమైన సమస్య కాదు. కాలేజీకి వెళ్లే అమ్మాయి మెట్లెక్కితే ఆయాసపడుతుంటే, జుట్టు రాలుతోందని, చదువు మీద ధ్యాస నిలవడం లేదని చెబుతుంటే చాలా ఇళ్లలో ముందు కొనేది ఇలాంటి డబ్బానే.

వంద గ్రాముల స్పిరులినాలో 28 మిల్లీగ్రాముల ఐరన్ ఉన్న మాట నిజం. కానీ రోజుకు తినే మూడు గ్రాముల్లో వచ్చేది ఒక మిల్లీగ్రాము కూడా కాదు. స్త్రీలకు రోజుకు కావాల్సింది 29 మిల్లీగ్రాములు. ప్రభుత్వం బడిపిల్లలకు వారానికోసారి ఉచితంగా ఇచ్చే నీలం రంగు మాత్ర ఒక్కదానిలోనే 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. అంటే ఇంచుమించు ఏడు డబ్బాల స్పిరులినా పెట్టు. "గవర్నమెంటు మాత్ర పడదు" అని పిల్లలు దాన్ని పారేస్తుంటే ఊరుకుని, అదే చేత్తో ఖరీదైన డబ్బా కొనే తల్లిదండ్రులు ఈ లెక్క ఒకసారి చూడాలి. నీలం మాత్ర రక్తహీనత రాకుండా కాపాడటానికి. ఇప్పటికే రక్తం తగ్గి ఉంటే వారానికి ఒకటి చాలదు, డాక్టరు చెప్పిన మోతాదులో రోజూ వాడాలి.

రొయ్యల వైపు కూడా మొగ్గు చూపలేను. వాటిలో ఐరన్ తక్కువే. రొయ్యలు తినిపిస్తున్నాం కదా, రక్తం అదే పడుతుందిలే అనుకోవడం కూడా పొరపాటే. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. తగ్గి ఉంటే ఎందుకు తగ్గిందో తెలుసుకోవాలి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువా? కడుపులో నులిపురుగులా? యాభై దాటిన మగవాళ్లలో అయితే పేగుల్లో ఎక్కడైనా రక్తం పోతోందా? ఈ ప్రశ్నలకు జవాబు ఏ డబ్బా మీదా ఉండదు.

శాకాహారులు ముఖ్యంగా చదవాల్సింది

స్పిరులినాలో విటమిన్ బి12 పుష్కలం అనే ప్రచారం ఉంది. శాకాహార కుటుంబాల్లో చాలామంది దాన్ని కొనేది ఇందుకే. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. స్పిరులినాలో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం బి12ను పోలిన మరో పదార్థం. అది మన శరీరానికి పనికిరాదు. కొన్ని రకాల పరీక్షల్లో ఆ నకలు కూడా బి12గానే లెక్కకు వస్తుంది. అందుకే లేబుల్ మీద పెద్ద అంకె కనిపించవచ్చు.

బి12 లోపం నిదానంగా వస్తుంది. అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు, నడకలో తూలు, మతిమరుపు, నాలుక నున్నగా మారడం దాని గుర్తులు. ఏళ్ల తరబడి వదిలేస్తే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. పాలు, పెరుగు కూడా సరిగా తీసుకోని శాకాహారులు, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్లు, గ్యాస్ మాత్రలు ఏళ్ల తరబడి మింగుతున్నవాళ్లు, అరవై దాటినవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. మీ అత్తగారో, నాన్నగారో కాళ్లు తిమ్మిర్లంటుంటే స్పిరులినా ఇచ్చి సరిపెట్టుకోకండి. పరీక్ష చేయించి, అవసరమైతే అసలు బి12 మాత్రలు, ఇంజెక్షన్లు వాడించండి. రొయ్యలు తినేవాళ్లకు మాత్రం ఇక్కడ మేలు ఉంది. వంద గ్రాముల్లో రోజు అవసరంలో సుమారు సగం బి12 అందుతుంది. అదీ శరీరానికి పట్టే అసలు బి12.

ఎవరికి ఏది పడదు?

రొయ్యల్లో కొలెస్ట్రాల్ ఎక్కువని చాలామంది భయపడతారు. వంద గ్రాముల్లో 150 మిల్లీగ్రాములకు పైగానే ఉంటుంది. అయితే రక్తంలో కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా పెంచే సంతృప్త కొవ్వు రొయ్యలో చాలా తక్కువ. అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1996లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరోగ్యవంతులు రోజుకు 300 గ్రాముల రొయ్యలు తిన్నప్పుడు చెడు కొలెస్ట్రాల్ 7 శాతం పెరిగినా, మంచి కొలెస్ట్రాల్ 12 శాతం పెరిగింది. ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి. వారానికి ఒకటి రెండుసార్లు ఇగురో, గోంగూర రొయ్యలో తింటే మామూలు మనిషికి భయం లేదు. భయపడాల్సింది నూనెలో మునిగిన వేపుడుకి, ఉప్పు దట్టించిన ఎండు రొయ్యలకి, నిల్వ పచ్చడికి. బీపీ ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఇప్పటికే గుండెజబ్బు, అధిక కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లు, గౌట్ నొప్పులు ఉన్నవాళ్లు ఎంత తినాలో తమ డాక్టరును అడగాలి. రొయ్యలు తిన్నాక ఒకసారైనా ఒళ్లంతా దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వచ్చి ఉంటే "కొంచెం తింటే ఏం కాదులే" అనుకోవద్దు. తర్వాతిసారి ప్రాణం మీదకు రావచ్చు.

స్పిరులినా కూడా అందరికీ సరిపడదు. లూపస్ వంటి ఆటోఇమ్యూన్ జబ్బులున్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగి ఇమ్యూనిటీని తగ్గించే మందులు వాడేవాళ్లు దానికి దూరంగా ఉండాలి. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బున్న పిల్లలకు ఇవ్వకూడదు. శుభ్రతలేని నీటిలో పెంచితే అందులో ఇతర నాచుల విషాలు, భార లోహాలు చేరే అవకాశం ఉంది. కనుక ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు లేని పొడిని కొనకండి. గర్భిణులు, చిన్నపిల్లల విషయంలో డాక్టరును అడగకుండా మొదలుపెట్టకండి.

స్పిరులినా పనికిమాలినదని నేను అనడం లేదు. బీటా కెరోటిన్ వంటి మంచి పదార్థాలు అందులో ఉన్నాయి. కొన్ని చిన్న అధ్యయనాల్లో కొలెస్ట్రాల్ కొంత తగ్గినట్టు కూడా కనిపించింది. స్తోమత ఉండి, ఇష్టపడి చెంచాడు వేసుకునే ఆరోగ్యవంతుడికి నేను అడ్డు చెప్పను. కానీ అది భోజనానికి బదులు కాదు, మందుకు అసలే కాదు. మాంసాహారులకు రొయ్య, చేప, గుడ్డు ఉన్నాయి. శాకాహారులకు పప్పు, సెనగలు, పల్లీలు, మీల్‌మేకర్, పాలు, పెరుగు ఉన్నాయి. ప్రొటీన్ లోటు ఇవే తీరుస్తాయి.

ఈసారి డబ్బా కొనబోయే ముందు, ఎవరి కోసం కొంటున్నారో వాళ్లకు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో దానికి రూపాయి ఖర్చు లేదు. ఐరన్ మాత్రలూ ఉచితమే. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. టీ, కాఫీ, పాలతో మాత్రం వద్దు. మలం నల్లగా వచ్చిందని భయపడి మధ్యలో ఆపకండి.