రెండోసారి నొక్కే ముందు...

శివరాత్రి నాడు కోటప్పకొండ కింద ప్రభలు నిటారుగా నిలబడతాయి, ఫోన్లో సిగ్నల్ మాత్రం పడిపోతుంది. మజ్జిగ తాగి క్యూఆర్ స్కాన్ చేస్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది. నరసరావుపేట నెట్ సెంటర్లో ఎంట్రన్స్ ఫీజు కట్టేటప్పుడూ అదే తంతు. ఆగలేక మళ్లీ నొక్కుతాం. కాసేపటికి రెండు మెసేజ్‌లు! డబ్బు రెండుసార్లు కట్ అయింది.

తప్పు మన వేలిదేనా? నేనైతే కాదంటాను.

చక్రం తిరుగుతోందంటే పని కాలేదని కాదు. చాలాసార్లు మనం పంపింది సర్వర్‌కి చేరి, పని కూడా అయిపోతుంది. ‘అయింది’ అన్న జవాబే దారిలో ఆగిపోతుంది. మళ్లీ నొక్కితే పాపం సర్వర్ అది కొత్త పని అనుకుంటుంది.

మాచర్లలోనో, గురజాలలోనో కూర్చుని వెబ్‌సైట్లు చేసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది మీకే. ఒకసారి నొక్కగానే బటన్‌ని ఆపేయడం మంచిదే కానీ, అదొక్కటే చాలదు. పేజీ రిఫ్రెష్ చేస్తే ఫారం మళ్లీ వెళ్లొచ్చు. అందుకే ఫారం అందగానే యూజర్‌ని రసీదు పేజీకి పంపేయండి. అప్పుడు రిఫ్రెష్ చేసినా రసీదే వస్తుంది.

అసలు తాళం టోకెన్. ఆసుపత్రిలో ఓపీ చీటీ లాగా ప్రతి ఫారానికీ ఒక నంబర్ ఇవ్వండి. అదే నంబర్ మళ్లీ వస్తే కొత్తగా ఏమీ చేయకుండా పాత జవాబే చూపించాలి. ఆ నంబర్ రెండోసారి ఎక్కకుండా డేటాబేస్‌లోనే యూనిక్ అని నియమం పెట్టండి. లేదంటే ఒకే క్షణంలో వచ్చిన రెండూ లోపలికి దూరిపోతాయి.

ఇక మనం చేయాల్సింది: మళ్లీ కట్టే ముందు యాప్‌లో హిస్టరీ, బ్యాంక్ మెసేజ్ చూడండి. ‘పెండింగ్’ అని ఉంటే ఆగండి. యూపీఐలో డబ్బు కట్ అయి దుకాణానికి నిర్ధారణ అందకపోతే, 5 రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలని రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరులో చెప్పింది. మనిషికి పంపింది చేరకపోతే గడువు 1 రోజే. అది దాటితే రోజుకి 100 రూపాయలు పరిహారం.

కానీ రెండు పేమెంట్లూ సక్సెస్ అయితే ఈ నియమం వర్తించదు. డబ్బు అందుకున్నవాళ్లనే అడగాలి. అందుకే రెండు యూటీఆర్ నంబర్లూ దాచుకోండి. అడిగేటప్పుడు మీ చేతిలో ఉండే ఆధారం అదే.