కాన్పుల గది లెక్క గోడమీద ఉండాలి

కడప జిల్లా కలెక్టర్ గారికి,


ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రభుత్వాసుపత్రుల గురించి ఈ విన్నపం. ఆసుపత్రుల శుభ్రత కోసం 2015లో కాయకల్ప, కాన్పుల గదుల నాణ్యత కోసం 2017లో లక్ష్య పథకాలు వచ్చాయి. ఆసుపత్రికి జాతీయ నాణ్యతా ధ్రువపత్రం దక్కాలంటే మొత్తంమీద 70 శాతం మార్కులు రావాలి. మంచిదే. కానీ తనిఖీలో వేసిన మార్కులు ఆ రోజు సంగతే చెబుతాయి.

కాన్పుల గదినే తీసుకోండి. బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లికి ఆక్సిటోసిన్ సూది పడాలి. అధిక రక్తస్రావం నుంచి ఆమెను కాచేది అదే. ఆ మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. రాత్రి కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ ఎంత వేడెక్కింది, సూది ఎన్ని నిమిషాలకు పడింది అన్నవి సిస్టర్లు రోజూ రాసి, వారం వారం గ్రాఫు గీసి గోడకు అంటిస్తే, ఏం మారిందో ఆయమ్మకు కూడా తెలుస్తుంది.

ఆ గ్రాఫులు చూసి చేసే ఏ మార్పునైనా మూడుచోట్లా ఒకేసారి మొదలుపెట్టించకండి. ముందు ప్రొద్దుటూరులో, మూడు నెలలాగి జమ్మలమడుగులో, ఆ తర్వాత పులివెందులలో చేయించండి. అప్పుడే ఫలితం ఆ మార్పు వల్ల వచ్చిందో, మరో కారణంతో వచ్చిందో తేలుతుంది. దీనికి కొత్త భవనాలక్కర్లేదు. గ్రాఫులో అంకెలు బాగాలేవని సిస్టర్లకు మెమోలు మాత్రం ఇవ్వొద్దు, భయంతో అంకెలు దిద్దుతారు. ఆ గ్రాఫులను నెలనెలా మీ సమీక్షలో మీరే చూడండి.

ఇట్లు,
ప్రొద్దుటూరు వాసి