ఆటపెట్టె కంప్యూటరేనా?



"అయ్యగారూ, మా వాడు ప్లేస్టేషన్ కొనమని పట్టుబట్టాడు. అదీ కంప్యూటరే నాన్నా అంటున్నాడు. నిజమేనంటారా?" అని ఈ మధ్య ఒక తండ్రి అడిగారు. నిజమే గాని సగమే నిజం. మిగతా సగం తెలుసుకోకుండా పంట డబ్బు తీసి దుకాణదారు చేతిలో పెట్టకండి.

ఈ కలగలుపు కొత్తది కాదు. జపానులో నింటెండో సంస్థ 1983లో టీవీకి తగిలించే ఆటపెట్టెను తెచ్చి, దానికి 'ఫ్యామిలీ కంప్యూటర్' అనే పేరే పెట్టింది. మరుసటి ఏడాది దానికి కీబోర్డు కూడా అమ్మింది. వాటి నకళ్లు మన బజార్లకూ వచ్చాయి. కీబోర్డు చూసి, పిల్లవాడు కంప్యూటరు నేర్చుకుంటాడని కొన్న తల్లిదండ్రులున్నారు. పిల్లలు మాత్రం క్యాసెట్టు పెట్టి బాతుల్ని కాల్చుకున్నారు!

ఇప్పుడు పెట్టె లోపలి సామాను నిజంగానే ఒకటైపోయింది. 2001లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎక్స్‌బాక్స్‌లో ఇంటెల్ ప్రాసెసరు, 8 జీబీ హార్డ్ డిస్కు ఉన్నాయి. 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ రెండింటిలోనూ ఏఎండీ సంస్థ ప్రాసెసర్లే. మామూలు కంప్యూటర్లలో ఉండే జాతివే.

మరి తేడా ఎక్కడ? తాళంలో. ఆటపెట్టెలో కంపెనీ ఒప్పుకున్న ప్రోగ్రాములే నడుస్తాయి. కొన్నిసార్లు పెట్టెను ఖర్చుకన్నా తక్కువకే అమ్మి, అమ్ముడైన ప్రతి ఆటలోనూ వాటా తీసుకొని రాబట్టుకుంటారు. చవకగా కనబడటానికి కారణం అదే.

ఆ తాళంచెవి ఎవరిదో ప్లేస్టేషన్ 3 సంగతి చూస్తే తెలుస్తుంది. 2006లో అది వచ్చినప్పుడు అందులో లినక్స్ వేసుకొని కంప్యూటరులా వాడుకోవడానికి సోనీ వీలిచ్చింది. అమెరికా వైమానిక దళం వారు ఏకంగా 1,700కు పైగా పెట్టెలను కలిపి 2010లో సూపర్ కంప్యూటరు కట్టారు. అదే 2010 ఏప్రిల్‌లో సోనీ ఒక అప్‌డేట్ పంపి ఆ వీలును తీసివేసింది. అప్‌డేట్ వద్దన్నవారికి ఆన్‌లైన్ ఆటలు బంద్. డబ్బిచ్చి కొన్న వస్తువులో ఒక భాగాన్ని ఇంటికొచ్చి పట్టుకుపోయినట్టే కదా! కొన్నవారు కోర్టుకెక్కారు, ఏళ్ల తరబడి నడిచి రాజీ కుదిరింది.

2022లో వాల్వ్ సంస్థ తెచ్చిన స్టీమ్ డెక్ దీనికి తిరగబడి ఉంది. చూడటానికి చేతిలో పట్టుకొనే ఆటబొమ్మ, లోపల లినక్స్ కంప్యూటరు. కీబోర్డు తగిలించి ఉత్తరం రాసుకోవచ్చు.

ఆటకే అయితే ఆటపెట్టె మంచిదే, తంటాలు తక్కువ. కాని బడి ప్రాజెక్టు టైపు చేయాలన్నా, ప్రోగ్రాము రాయడం నేర్వాలన్నా, కాస్త పాతదైనా సరే మామూలు కంప్యూటరు కొనండి. దానికి ఆటల రిమోటూ తగిలించుకోవచ్చు. ఇంకొక మాట: పెద్ద ఆట ఒక్కొక్కటి 50 జీబీ, 100 జీబీ ఉంటుంది. ఊళ్లో ఫోను నెట్‌తో అది ఎన్ని రోజులకు దిగుతుందో కొనకముందే మీ వాడినే లెక్క వేయమనండి.