కుర్చీ కోసం కలహం, కూలి కోసం చెలిమి

టెలివిజన్ వ్యాఖ్యాతల జగడాలకు కార్మిక పత్రికలో చోటెందుకని కొందరు మిత్రులు ప్రశ్నించవచ్చు. అందునా వీరు అమెరికా దేశపు వ్యాఖ్యాతలు. రాత్రి పదకొండున్నర దాటాక తెరపైకి వచ్చి, ఆనాటి రాజకీయాలపై చతురోక్తులు విసిరి, సినీతారలతో ముచ్చటించి, కోట్ల డాలర్లు గడించేవారు. వీరిలో ఎవరు ఎవరితో మాటలు మానుకున్నారో, ఎవరు ఎవరిని ఆలింగనం చేసుకున్నారో మనకు అనవసరమనిపించటం సహజమే. అయినప్పటికీ ఏడు దశాబ్దాలకు పైబడిన ఈ రంగపు చరిత్రను కార్మికోద్యమ దృష్టితో పరిశీలించినట్లయితే, అదే మనుషులు ఒక కాలంలో భుజం భుజం కలిపి నిలవటానికీ, మరొక కాలంలో వైరులు కావటానికీ గల కారణాలు స్పష్టంగా గోచరిస్తాయి. ఆ కారణాలు వారి స్వభావాలలో కన్నా, వారిని పనిలో పెట్టుకున్న సంస్థల లెక్కలలోనే ఎక్కువగా ఉన్నాయన్నది మా అభిప్రాయం.

1979 వసంతకాలంలో లాస్ ఏంజిలిస్ నగరంలో 'కామెడీ స్టోర్' అనే హాస్యశాల ఎదుట పికెటింగ్ జరిగింది. అక్కడ ప్రేక్షకుడు డబ్బు చెల్లించి లోపలికి వచ్చేవాడు. పానీయాలు అందించేవారికి జీతం ఉండేది. వేదికపై నిలబడి జనాన్ని నవ్వించే యువకళాకారునికి మాత్రం దమ్మిడీ ముట్టేది కాదు. ఇది మీకు శిక్షణాలయం వంటిది, ఇక్కడ ఆడితే పేరు వస్తుంది, పేరే మీకు ప్రతిఫలం అన్నది యాజమాన్యం వాదన. కళాకారులు సమ్మె చేసి ఒక్కొక్క ప్రదర్శనకు 25 డాలర్ల చొప్పున సాధించుకున్నారు. ఆ సమ్మె పక్షాన నిలిచిన వారిలో డేవిడ్ లెటర్‌మన్, జే లేనో ఇద్దరూ ఉన్నారు. లెటర్‌మన్ అప్పటికే జానీ కార్సన్ నిర్వహించే 'టునైట్ షో'లో కనిపించి ప్రఖ్యాతి పొందుతున్నాడు. ఆ 25 డాలర్లతో ఆయనకు ఒరిగేది స్వల్పం. అయినా సాటివారి వెంట నడిచాడు.

ఈ ఇద్దరు మిత్రులే పదమూడేళ్ళు తిరిగేసరికి అమెరికా టెలివిజన్ చరిత్రలో కెల్లా ప్రసిద్ధమైన వైరానికి ప్రతీకలయ్యారు. మధ్యలో ఏమి జరిగింది?

ఎన్‌బీసీ సంస్థ 1954లో ప్రారంభించిన 'టునైట్ షో' ప్రకటనల ద్వారా ఆ సంస్థకు కామధేనువుగా పరిణమించింది. 1962 అక్టోబరు 1 నుండి 1992 మే 22 వరకు, దాదాపు మూడు దశాబ్దాలు, దానికి కార్సన్ ఒక్కడే అధిపతి. అంటే కోరుకున్న వారు ఎందరైనా ఉన్న కుర్చీ ఒక్కటే. ఆ కుర్చీపై సంపూర్ణాధికారం సంస్థది. కార్సన్ ప్రత్యామ్నాయ వ్యాఖ్యాతగా పనిచేసిన జోన్ రివర్స్ 1986లో ఫాక్స్ సంస్థలో సొంత కార్యక్రమం చేపట్టగా, కార్సన్ దానిని ద్రోహంగా పరిగణించి జీవితాంతం ఆమెతో మాట్లాడలేదు. ఫాక్స్ ఆమెను మరుసటి సంవత్సరమే తొలగించింది. 'టునైట్ షో' తలుపులు మాత్రం ఆమెకు 2014 వరకు తెరచుకోలేదు. మెరుగైన అవకాశం వచ్చినచోటికి పోవటం యాజమాన్యానికి వ్యాపారం, ఉద్యోగికి విశ్వాసఘాతుకం అయిన ఉదంతమిది.

కార్సన్ విరమణ ప్రకటించేనాటికి లెటర్‌మన్ 1982 నుండి అదే సంస్థలో, కార్సన్ వెనువెంటనే వచ్చే వేళలో, నమ్మకంగా పనిచేస్తున్నాడు. మన భాషలో చెప్పాలంటే సీనియారిటీ ఆయనది. సంస్థ లేనోను ఎంపిక చేసింది. ఆ నిర్ణయంపై అధికారులు టెలిఫోనులో మంతనాలు జరుపుతుండగా, లేనో పక్కగదిలో నక్కి విన్న సంగతిని పాత్రికేయుడు బిల్ కార్టర్ 1994లో వెలువడిన తన గ్రంథంలో వివరించాడు. ఆ సంగతి చదివి లేనోను ఎగతాళి చేసినవారే ఎక్కువ. మాకు తోచినది వేరు. పదోన్నతుల జాబితా మూసిన తలుపుల వెనుక తయారయ్యే చోట, ఏ నియమావళీ వర్తించని చోట, ఉద్యోగి గోడకు చెవి ఆనించక తప్పని దుస్థితి దాపురిస్తుంది. లెటర్‌మన్ 1993 ఆగస్టు 30న సీబీఎస్‌లో పోటీ కార్యక్రమం ప్రారంభించాడు. ఆనాటి నుండి పికెట్ లైనులోని మిత్రులిద్దరూ ప్రతి రాత్రీ ఎదురెదురు శిబిరాలలో ఉన్నారు. వారి వైరంపై పత్రికలు పుంఖానుపుంఖంగా వ్రాశాయి. కుర్చీ యజమాని గురించి వ్రాసినది తక్కువ.

2010లో ఇదే నాటకం మరల ప్రదర్శితమైంది. లేనో తర్వాత కోనన్ ఓబ్రయన్‌కు 'టునైట్ షో' అప్పగిస్తామని 2004లోనే ప్రకటించిన ఎన్‌బీసీ, 2009 జూన్ 1న అప్పగించింది. అయితే లేనో మరో సంస్థకు పోకుండా ఆయనకు రాత్రి పది గంటల వేళ కేటాయించింది. ఆ ఏర్పాటు విఫలం కాగానే, లేనోను పదకొండున్నరకు తెచ్చి, 'టునైట్ షో'ను అర్ధరాత్రి దాటిన తర్వాతకు నెట్టాలని 2010 జనవరిలో నిర్ణయించింది. కోనన్ నిరాకరించి జనవరి 22న వైదొలిగాడు. ఎనిమిది నెలలైనా నిండని ఆ కార్యక్రమం కోసం ఆయన సిబ్బందిలో అనేకులు న్యూయార్కులో కాపురాలు ఎత్తేసి, ఖండం ఆ చివరనున్న లాస్ ఏంజిలిస్‌కు తరలివచ్చారు. బదిలీ ఉత్తర్వు అంటే ఏమిటో తెలిసిన రైల్వే, తపాలా ఉద్యోగులకు దీని అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. సుమారు 4 కోట్ల 50 లక్షల డాలర్ల పరిష్కారంలో దాదాపు 1 కోటి 20 లక్షల డాలర్లు సిబ్బందికి దక్కాయి. వారి మాట తేలనిదే కోనన్ సంతకం చేయలేదు. లేనోకూ న్యాయం చేయాలి. 2012లో అదే సంస్థ ఆయన సిబ్బందిలో ఇరవై మందికి పైగా తొలగించినప్పుడు, మరికొందరి ఉద్యోగాలు నిలపటానికి ఆయన తన వేతనంలో కోతకు అంగీకరించాడు.

పిట్ట పోరు పిల్లి తీర్చినదన్న మన సామెతకు ఇంతకన్న దృష్టాంతం అక్కరలేదు. లెటర్‌మన్, లేనో, కోనన్ ముగ్గురిలో ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా, నిర్ణయాధికారంలో వీసమెత్తు కూడా సంస్థ చేతి నుండి జారలేదు.

ఇక రెండు సమ్మెల సంగతి చూద్దాం. ఈ కార్యక్రమాలకు ప్రతి రాత్రీ హాస్యం అందించే రచయితలు రైటర్స్ గిల్డ్ సభ్యులు. ఇంటర్నెట్‌లో తమ రచనల ప్రసారానికి న్యాయమైన వాటా కోరుతూ గిల్డ్ 2007 నవంబరు 5న సమ్మె ప్రారంభించింది. 2008 ఫిబ్రవరి 12 వరకు, 100 రోజులు సాగిన ఆ సమ్మెలో వ్యాఖ్యాతలు ఎవరి దారి వారు చూసుకున్నారు. లెటర్‌మన్ సొంత నిర్మాణ సంస్థ గిల్డ్‌తో విడిగా తాత్కాలిక ఒడంబడిక చేసుకుని, జనవరి 2న రచయితలతో సహా తిరిగి వచ్చింది. అదే రోజున లేనో, కోనన్, జిమ్మీ కిమ్మెల్ రచయితలు లేకుండా తెరపైకి వచ్చారు. వీరిని సమ్మె భంగకారులని ఒక్క మాటతో కొట్టివేయటం సబబు కాదు. కార్యక్రమం మూతబడితే కెమెరా, ధ్వని, వస్త్రాలంకరణ విభాగాల సిబ్బంది వీధిన పడతారన్న భయం నిజమైనది. కోనన్ కొన్ని వారాల పాటు ఆ సిబ్బంది జీతాలు తన జేబులోనుండే చెల్లించాడు. అయినా ఫలితం ఒక్కటే: పికెట్ లైనులో రచయితలు చలికి వణుకుతుండగా తెరలు వెలిగాయి. రచయితలు లేని లోటు పూడ్చటానికి కోనన్, స్టీఫెన్ కోల్బేర్, జాన్ స్టీవర్ట్ ముగ్గురూ ఒక బూటకపు కలహం సృష్టించి, ఒకరి వేదికపై ఒకరు ప్రత్యక్షమై తన్నులాటను అభినయించారు. వ్యాఖ్యాతల వైరం ఎంత సులభంగా అమ్ముడుపోయే సరుకో ఆ హాస్యమే చాటింది.

2023 మే 2న గిల్డ్ మరల సమ్మెకు దిగింది. సుమారు 11,500 మంది రచయితలు, 148 రోజులు. ఈసారి కృత్రిమ మేధను రచయితకు బదులుగా వాడరాదన్నది ప్రధానమైన కోర్కెలలో ఒకటి. కోల్బేర్, కిమ్మెల్, జిమ్మీ ఫాలన్, సేత్ మేయర్స్, జాన్ ఆలివర్ ఐదుగురూ తరచుగా సమావేశమై ఉమ్మడి సమస్యలు చర్చించుకోసాగారు. ఆగస్టు 30న 'స్ట్రైక్ ఫోర్స్ ఫైవ్' పేరిట ఒక శ్రవ్య కార్యక్రమం ఆరంభించి, దాని రాబడిని పని కోల్పోయిన తమ సిబ్బందికి ప్రకటించారు. ప్రేక్షకుల కోసం పోటీపడే వారు ఒకే వేదికపై నుండి అందరి సిబ్బంది కోసం సంపాదించారు. ఐదు నెలల పాటు ఆ ఐదుగురిలో ఒక్కరైనా రచయితలు లేకుండా తెరపైకి రాలేదు. వేరొక వ్యాఖ్యాత బిల్ మార్ సెప్టెంబరులో తిరిగి ప్రారంభిస్తానని ప్రకటించి, విమర్శలు చెలరేగగా కొద్ది రోజులకే విరమించుకున్నాడు. సెప్టెంబరు 27న సమ్మె ముగిసిన తర్వాతనే, అక్టోబరు 1, 2 తేదీలలో, ఆ కార్యక్రమాలు రచయితలతో సహా పునఃప్రారంభమయ్యాయి.

2008లో భయపెట్టిన కారణాలన్నీ 2023లోనూ ఉన్నాయి. సంస్థలు, ఒత్తిళ్ళు, జీతం రాని సిబ్బంది అన్నీ ఉన్నాయి. మారినది ఒక్కటే. పక్కవాడు ముందుగా లోపలికి పోతాడేమోనన్న అనుమానం తొలగింది. సమ్మె కాలంలో ఈ అనుమానం యాజమాన్యానికి ఎంత విలువైన ఆస్తియో, గేటు ముందు నిలబడి తెల్లవార్లూ కాపలా కాసిన మన పాత కార్యకర్తలకు బాగుగా తెలుసు.

స్నేహానికి గల పరిమితిని కూడా గుర్తించాలి. 2025 జూలై 17న సీబీఎస్ సంస్థ, కోల్బేర్ కార్యక్రమాన్ని 2026 మేలో ముగిస్తామని ప్రకటించింది. ఇది కేవలం ఆర్థిక నిర్ణయమని సంస్థ వివరణ. అధ్యక్షుడు ట్రంప్ వేసిన దావాలో మాతృసంస్థ పారమౌంట్ 1 కోటి 60 లక్షల డాలర్లకు రాజీపడటాన్ని కోల్బేర్ లంచంగా అభివర్ణించిన కొద్ది రోజులకే ఈ ప్రకటన వెలువడటం గమనార్హం. పారమౌంట్ విలీనానికి ప్రభుత్వ అనుమతి అదే నెలలో లభించింది. ఫాలన్, మేయర్స్, ఆలివర్, స్టీవర్ట్ ఆయన ప్రేక్షకుల మధ్య వచ్చి కూర్చుని సంఘీభావం తెలిపారు. ఆ ఆత్మీయత ప్రశంసనీయమే. సంస్థ నిర్ణయం మాత్రం మారలేదు. దానిపై ఆధారపడిన సుమారు 200 మంది బ్రతుకుతెరువు ప్రశ్నార్థకమైంది.

రెండు నెలల తర్వాత కిమ్మెల్ వంతు వచ్చింది. ఆయన చేసిన వ్యాఖ్యలపై ప్రసార నియంత్రణ సంస్థ అధిపతి బహిరంగంగా హెచ్చరించాడు. అనేక స్థానిక కేంద్రాల యజమానులు కార్యక్రమాన్ని నిలిపివేస్తామన్నారు. సెప్టెంబరు 17న ఏబీసీ సంస్థ దానిని ఆపివేసింది. పోటీ వ్యాఖ్యాతలు పలువురు ఆ చర్యను ఖండించారు. అంతటితో ఆగక రచయితల, నటుల, సంగీతకారుల, సాంకేతిక సిబ్బంది సంఘాలు ప్రకటనలు వెలువరించాయి. మాతృసంస్థ డిస్నీ కార్యాలయాల ముందు ప్రదర్శనలు జరిగాయి. చందాదారులు చందాలు రద్దు చేసుకున్నారు. సెప్టెంబరు 23న కిమ్మెల్ తిరిగి తెరపైకి వచ్చాడు. అందుకు ఏ ఒత్తిడి ఎంత తోడ్పడిందో తూచి చెప్పటం మా ఉద్దేశం కాదు. వ్యాఖ్యాతల మాటకు సంఘాల బలమూ, జనం ఆగ్రహమూ తోడైనాయన్నది మాత్రం నిర్వివాదాంశం.

వీరందరూ ధనికులే కదా, వీరి చెలిమిని శ్రామిక సంఘీభావంతో పోల్చవచ్చునా అన్న ఆక్షేపణ సమంజసమైనది. పోల్చరాదు. పైగా ఈ రంగంలో రాబడి క్షీణించి కార్యక్రమాలే ఒక్కొక్కటిగా కనుమరుగవుతున్న కాలంలో వీరికి చెలిమి గుర్తుకు వచ్చిందని కూడా అనవచ్చు. 2024లో ఖర్చు తగ్గింపు పేరిట మేయర్స్ కార్యక్రమం నుండి వాద్యబృందాన్నే తొలగించారు. ఆ వాద్యకారుల పేర్లు పతాక శీర్షికలకు ఎక్కలేదు. అందువల్లనే మేము వ్యాఖ్యాతల ఔదార్యాన్ని కన్నా, ఆ ఔదార్యం సంఘపు క్రమశిక్షణకు లోబడి నడచిన ఘట్టాన్ని విలువైనదిగా భావిస్తున్నాము. కోనన్ సొంత జేబునుండి జీతాలిచ్చిన 2008 కన్నా, ఐదుగురు కలసి పికెట్ లైనును గౌరవించిన 2023 గొప్పది. దాత చేయి ఏదో ఒకనాటికి ముడుచుకుంటుంది. సంతకమైన ఒడంబడికను ఆధారం చేసుకుని రచయిత మరుసటి తరానికి కూడా హక్కు అడగగలడు.

మన రంగాలలో కుర్చీలు చిన్నవి, కలహాలు మాత్రం చిన్నవి కావు. లోకో పైలట్‌కూ స్టేషన్ మాస్టర్‌కూ, సార్టింగ్ అసిస్టెంటుకూ పోస్టుమాన్‌కూ, శాఖా ఉద్యోగికీ గ్రామీణ డాక్ సేవక్‌కూ, పర్మనెంటు కార్మికునికీ కాంట్రాక్టు కార్మికునికీ నడుమ పుట్టే ప్రతి స్పర్ధ వెనుక, ఖాళీలు నింపకుండా ఉన్న వాటికోసమే పోటీ పెట్టిన ఒక నిర్ణయం దాగి ఉంటుంది. 1974 సమ్మెకు ముందు అనేక రైల్వే సంఘాలు ఒకే సమన్వయ సమితిగా ఏర్పడటానికి కారణం, విడివిడిగా బేరమాడి విసిగిన అనుభవమే.

కాబట్టి పక్క కేటగిరీ వాడికి దక్కినదేదో మననుండి లాక్కున్నదేనని ఎవరైనా మన చెవిలో ఊదినప్పుడు, మొదట కుర్చీ ఎవరి ఆస్తి అని అడగండి. పంచవలసినది ఎంత ఉన్నది, దాచినది ఎంత, నిర్ణయించినది ఎవరు అని అడగండి. ఈ ప్రశ్నలు ప్రతి శాఖా సమావేశంలోనూ, అన్ని కేటగిరీల సభ్యులు కలసి కూర్చున్న చోట, చర్చకు రావాలని మా విజ్ఞప్తి. లెటర్‌మన్, లేనోలు 1979లో 25 డాలర్ల కోసం కలసి నిలబడగలిగినప్పుడు, అంతకన్నా మిక్కుటమైన అవసరాలు గల మనం కలసి నిలబడలేకపోవటానికి కారణమేదీ మాకు కనిపించటం లేదు.