వెతికిన కూలీ ఇద్దాం, విప్పిన లెక్క రాద్దాం

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ రేసింగ్ డ్రైవర్లకూ మెకానిక్ అన్నలకూ విజ్ఞప్తి



రెండో గేరు నుంచి మూడుకు వేస్తుంటే కర్రుమన్న చప్పుడు. మలుపు ముందు బ్రేకు కొట్టి రెండుకు దించబోతే లివర్ వెనక్కి తన్నడం. యాక్సిలరేటర్ వదలగానే గేరు ఊడి న్యూట్రల్‌లో పడటం. రేసులకో ర్యాలీలకో కారు సిద్ధం చేసుకునే మనవాళ్లలో వీటిలో ఒక్కటైనా ఎరగనివాళ్లు అరుదు. చైతన్యపురి సందుల నుంచి హయత్‌నగర్ వైపు ఆటోనగర్ దాకా చాలా షెడ్లలో దీనికి దొరికే జవాబు ఒకటే: "డబ్బా మార్చేద్దాం అన్నా." సెకండ్‌హ్యాండ్ గేర్‌బాక్స్ వస్తుంది, సాయంత్రానికల్లా ఎక్కేస్తుంది. నాలుగు ఈవెంట్లు తిరగకముందే ఎక్కడి గొంగడి అక్కడే.

మనం చెప్పదలచుకున్నది ఒక్కటే. మార్చినందుకు డబ్బులిస్తున్నాం, వెతికినందుకు ఇవ్వడం లేదు. రోగం దొరకనిది అందుకే.

గేర్‌బాక్స్ దింపి, విప్పి, కడిగి, ఒక్కో సింక్రో రింగునూ దాని కోన్ మీద నొక్కి ఫీలర్ గేజ్‌తో సందు చూసి, షిఫ్ట్ ఫోర్కుల అరుగుదల కొలిచి, బేరింగులు చేత్తో తిప్పి వినాలంటే చెయ్యి తిరిగిన ఉస్తాద్‌కైనా రోజంతా పడుతుంది. అంతా చూశాక "లోపల తప్పేం లేదు, క్లచ్ పూర్తిగా వదలడం లేదు" అని నిజం చెబితే మనం అతని చేతిలో పెట్టేది ఎంత? టీ ఖర్చులకు సరిపోయేంత. అదే డబ్బా మార్చితే దింపిన కూలీ, ఎక్కించిన కూలీ, డబ్బా మీద కమీషను. నిజం చెప్పినవాడికి నష్టం, పైపైన మార్చినవాడికి లాభం అనే పద్ధతి మనమే పెట్టి, మెకానిక్‌ను మోసగాడనడం అన్యాయం. ఈ విషయంలో ముందు మారాల్సింది కారు యజమాని.

రేసులో గేర్‌బాక్స్ ఎందుకు తొందరగా పోతుందో కాస్త తెలుసుకుంటే వెతకడం ఎంత అవసరమో అర్థమవుతుంది. గేరు మార్చేటప్పుడు రెండు వేర్వేరు వేగాల్లో తిరిగే ముక్కలను ఒకే వేగానికి తెచ్చేది ఇత్తడి సింక్రో రింగు. రాపిడితోనే ఆ పని చేస్తుంది. మలక్‌పేట ట్రాఫిక్‌లో 3000 ఆర్‌పీఎం దగ్గర గేరు మార్చే కారును ట్రాక్ మీద 6000 దగ్గర మార్చితే వేగాల మధ్య తేడా రెట్టింపవుతుంది, ఆ రింగు మింగాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. అదీ కన్ను మూసి తెరిచేంతలో. రోడ్డు కారు కోసం చేసిన రింగు అది. చుట్టూ అన్నీ సవ్యంగా ఉంటేనే కొన్నాళ్లు నిలబడుతుంది. క్లచ్ కొంచెం పట్టి ఉన్నా, ఆయిల్ తప్పైనా, మౌంటింగ్ చిరిగినా మొదట బలయ్యేది అదే. దాన్ని మార్చి మిగతావి వదిలేస్తే కొత్త రింగు కూడా అదే దారి పడుతుంది.

అందుకే వెతకడం గేర్‌బాక్స్ బయట నుంచే మొదలవ్వాలి.

ముందు క్లచ్. ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, పెడల్ పూర్తిగా తొక్కి, కొన్ని సెకన్లు ఆగి రివర్స్ వేయండి. రివర్స్‌కు సింక్రో లేని కార్లలో అప్పుడు కూడా కర్రుమంటే క్లచ్ ఇంకా లాగుతోందన్నమాట. కేబుల్ సాగిందా, హైడ్రాలిక్‌లో గాలి చేరిందా చూడండి. హైడ్రాలిక్ క్లచ్‌లో పోసేది బ్రేక్ ఫ్లూయిడే. అది తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టిన దానికి ఆ హద్దు 155 డిగ్రీలే. ఎగ్జాస్టుకు దగ్గరగా పైపు వెళ్లే కారులో, మన మే నెల ఎండలో, పదో ల్యాప్‌కు పెడల్ మెత్తబడితే ఆశ్చర్యం లేదు. పార్కింగ్‌లో చల్లారాక అంతా బాగానే ఉంటుంది. షెడ్డుకు తెచ్చేసరికి "సౌండ్ రావడం లేదే" అంటారు. ఏ ల్యాప్‌లో, ఎంత వేడిలో మొదలైందో డ్రైవర్ రాసుకుని చెబితేనే ఆ తప్పు పట్టుబడుతుంది.

తర్వాత మౌంటింగులు. ఇంజిన్ మౌంటింగ్ రబ్బరు చిరిగితే యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ కలిసి వెనక్కి ఒరుగుతాయి. లివర్ క్యాబిన్‌లోనే ఉంటుంది, మధ్యలో లింకేజీ లాగబడుతుంది, గేరు ఊడుతుంది. బానెట్ ఎత్తి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఒకరు క్లచ్ కొద్దిగా వదులుతుంటే ఇంకొకరు పక్కన నిలబడి ఇంజిన్ ఎంత ఒరుగుతోందో చూస్తే చాలు. కారు ముందు మాత్రం ఎవరూ నిలబడకూడదు.

ఇక అందరూ మరిచిపోయేవి డోవెల్ పిన్నులు. ఇంజిన్ బ్లాకుకు గేర్‌బాక్స్ హౌసింగ్ సూటిగా కూర్చునేలా చేసే చిటికెన వేలంత ముక్కలవి. డబ్బా మళ్లీ మళ్లీ దింపి ఎక్కించే కార్లలో అవి ఎక్కడో పడిపోతాయి. బోల్టులు బిగుస్తాయి కాబట్టి అంతా సరిగ్గానే కూర్చున్నట్టు కనిపిస్తుంది. ఇన్‌పుట్ షాఫ్ట్ మాత్రం వంకరగా తిరుగుతూ బేరింగును, క్లచ్ ప్లేటు మధ్యలోని పళ్లను తినేస్తుంది. ఒకే కారుకు వరసగా బేరింగులు పోతుంటే ముందు ఆ పిన్నులున్నాయో లేదో చూడండి. కొత్త బేరింగుకు సందు సరిచేసే రేకులు, అంటే షిమ్ములు, పాతవే వేసి మూసేయడం కూడా ఇలాంటి తప్పే. బేరింగు మారితే షిమ్ము మందం మళ్లీ కొలవాల్సిందే.

ఆయిల్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. "రేసు కారు కదా, చిక్కటిది పోద్దాం" అని జీఎల్-5 పోసేవాళ్లు చాలామంది ఉన్నారు. జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన మందు జీఎల్-4 కంటే దాదాపు రెట్టింపు ఉంటుంది. వెనక ఇరుసు గేర్లకు అది మేలే. సింక్రో రింగు పనిచేసేది రాపిడితో, మరీ జారే ఆయిల్‌లో అది పట్టదు. కొన్ని జీఎల్-5 ఆయిల్స్ ఇత్తడిని కూడా తింటాయి. మాన్యువల్ ఏ గ్రేడు చెప్పిందో అదే పోయండి, రేసు కారుకు అది మార్చే వ్యవధిని తగ్గించండి.

తీసిన ఆయిల్‌ను డ్రమ్ములో పారబోయకండి. తెల్లటి ట్రేలో పట్టి, ఎండలోకి తెచ్చి, మెల్లగా వంచి చూడండి. బంగారపు పొడిలా మెరిస్తే సింక్రో రింగులు అరుగుతున్నాయి. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి మెత్తటి బూడిదరంగు పేస్టు అంటుకోవడం మామూలే. దాన్ని వేళ్ల మధ్య నలిపితే గుచ్చుకుందంటే గేరు పళ్లో బేరింగో పోతున్నాయి. గాఢమైన మాడు వాసన వస్తే ఆయిల్ ఓర్చుకోలేని వేడి చూసింది. ఈ అయిదు నిమిషాల పరీక్షకు పైసా ఖర్చు లేదు. దీని ఫలితాన్ని రాసిపెట్టుకునే షెడ్డు మాత్రం మన దగ్గర కనబడదు.

కారణం వెతకకుండా మార్చేసే ఈ అలవాటును పెద్ద సంస్థలు ఎలా దారికి తెచ్చుకున్నాయో చూడండి. ఫార్ములా వన్‌లో 2008లో ఒక గేర్‌బాక్స్ వరసగా 4 రేసులు నడవాలని నియమం పెట్టారు. మధ్యలో మార్చితే గ్రిడ్‌లో 5 స్థానాలు వెనక్కి. మార్చడానికి శిక్ష పడేసరికి గేర్‌బాక్స్ ఎందుకు పోతోందో తెలుసుకోవడం జట్లకు తప్పనిసరైంది. ఇంకో ఉదాహరణ: ఫోక్స్‌వాగన్ 2013లో 7 స్పీడ్ డీఎస్‌జీ గేర్‌బాక్సులున్న సుమారు 16 లక్షల కార్లను ప్రపంచవ్యాప్తంగా వెనక్కి పిలిచింది. ఆ డబ్బాలను మార్చడానికి కాదు, వాటిలోని సింథటిక్ ఆయిల్ తీసి మినరల్ ఆయిల్ పోయడానికి. అంత పెద్ద సంస్థ కారణం వెతికి ఆయిల్ దగ్గర ఆగితే, మనం కారణం అడగకుండానే డబ్బా మోస్తున్నాం.

"మంచి డ్రైవర్ ఎలాగైనా లాక్కొస్తాడు" అనే మాట కూడా మన మధ్య తిరుగుతోంది. 1991లో బ్రెజిల్ ఫార్ములా వన్ రేసులో సెన్నా చివరికి ఆరో గేరు ఒక్కటే మిగిలిన కారుతో గెలిచాడు. 1994లో స్పెయిన్‌లో షూమాకర్ అయిదో గేరులో ఇరుక్కుని కూడా రెండో స్థానం తెచ్చాడు. ఆ నేర్పుకు దండం పెడదాం. కానీ సొంత డబ్బుతో, అప్పు చేసి, 600 కిలోమీటర్లకు పైగా కారును మోయించుకుని చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కు వెళ్లే ఎల్బీనగర్ కుర్రాడికి ప్రాక్టీసులోనే మూడో గేరు పోతే ఆ సీజనంతా పోయినట్టే. అతనికి కావాల్సింది వీరత్వం కాదు, బయల్దేరే ముందు సరిచూసిన గేర్‌బాక్స్.

డ్రైవర్ తమ్ముళ్లు కూడా కొన్ని అలవాట్లు వదులుకోవాలి. చెయ్యి లివర్ మీదే ఆన్చి నడిపితే ఆ బరువు లోపల తిరిగే స్లీవ్ మీద ఫోర్కును రుద్దుతుంది. బ్రేకు కొడుతూనే కాలి పక్కతో యాక్సిలరేటర్ తట్టి ఇంజిన్ వేగం పెంచి గేరు దించడం నేర్చుకుంటే సింక్రో మీద భారం చాలా తగ్గుతుంది. అయిదు నుంచి నేరుగా రెండుకు దించడం మానేయాలి. గేర్‌బాక్స్ టెస్ట్ పేరుతో రాత్రిపూట సాగర్ రింగ్‌రోడ్డు మీద, నాగోలు దారిలో కార్లు తోలడం పూర్తిగా ఆగిపోవాలి. ఆ రోడ్డు మీద ఇంటికి వెళ్లే మనుషులున్నారు. జాకీ స్టాండ్ల మీద, ఆ తర్వాత ట్రాక్ మీద చేయాల్సిన పరీక్షను ఇంకొకరి ప్రాణం మీద చేసే హక్కు మనకు లేదు.

ఇక మనం కోరేది. బిల్లులో మూడు పద్దులు విడివిడిగా ఉండాలి: దింపి ఎక్కించిన కూలీ, విప్పి వెతికిన కూలీ, సామాను. వెతికిన కూలీ పని మొదలుపెట్టే ముందే మాట్లాడుకోవాలి, తప్పు దొరికినా దొరకకపోయినా ఇవ్వాలి. తీసిన పాత సామాను యజమాని చేతికి రావాలి. ప్రతి కారుకూ ఒక చిన్న పుస్తకం ఉండాలి. ఏ తేదీన ఎవరు విప్పారు, ఏ ఆయిల్ పోశారు, ప్లగ్ మీద ఏం కనిపించింది, సింక్రో సందు ఎంత, షిమ్ము మందమెంత, మౌంటింగులు ఎలా ఉన్నాయి, ఏ ట్రాక్ మీద ఎన్నో ల్యాప్‌లో తప్పు మొదలైంది అన్నీ అందులో ఎక్కాలి. కారు చేతులు మారితే పుస్తకం కూడా కారుతోనే పోవాలి.

డయల్ గేజ్, టార్క్ రెంచి, బేరింగ్ పుల్లర్, వేడి కొలిచే గన్ను ప్రతి చిన్న షెడ్డూ కొనలేదు. డ్రైవర్లమే తలా కొంత వేసుకుని ఒక సెట్టు కొని ఆటోనగర్‌లో ఒక చోట పెడదాం. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో మెకానికల్ డిగ్రీ చేతిలో పెట్టుకుని సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కు తిరిగే పిల్లలున్నారు. వాళ్లలో చాలామంది గేర్‌బాక్స్‌ను బొమ్మలోనే చూశారు. ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ చదివే పిల్లలూ ఉన్నారు. వాళ్లను పిలుద్దాం. ఉస్తాద్ విప్పితే పిల్లలు కొలిచి రాస్తారు. ఉస్తాద్ చెవికి, చేతికి తెలిసిన విద్య కాగితం మీదికి వస్తుంది. అది రాకపోతే ఆయనతోనే పోతుంది.

డ్రైవర్ అన్నలారా, ఈ నెల మీ కారు గేర్‌బాక్స్ దించాల్సి వస్తే "ఎంతవుతుంది" అని అడిగే ముందు "వెతికినందుకు ఎంత ఇవ్వమంటారు" అని అడగండి. మెకానిక్ అన్నలారా, ఆ కూలీ నోరు తెరిచి అడగండి, తీసుకోండి, దొరికింది రాసి సంతకం పెట్టి ఇవ్వండి. మీ షెడ్డులో ఇప్పుడు దిగి ఉన్న డబ్బాతోనే మొదలుపెట్టండి.