గట్టు మీద సమాధానము



పల్లెలో గొడవ మొదలవడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పక్కింటి కోళ్లు మన పెరట్లో నారు కెలికితే చాలు. కుళాయి దగ్గర ఒకరి బిందె ముందుకు జరిగితే చాలు. అటువంటివి నవ్వి ఊరుకోవడం మంచిదే. అయితే అన్ని తగాదాలకూ అదే మందు కాదని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

నేను ఇంతకుముందు సేవ చేసిన ఒక గ్రామంలో అన్నదమ్ములిద్దరి పొలాల మధ్య ఒక గట్టు ఉండేది. దుక్కి దున్నినప్పుడల్లా అన్న ఆ గట్టును కొంచెం కొంచెం చెక్కి ఇవతలికి జరుపుతున్నాడని తమ్ముని బాధ. అన్నగారు సంఘపెద్ద, కానుకలలో ముందుండేవాడు. ఒక ఆదివారం వారింట భోజనం చేసి, ఆయన చెప్పినదంతా విని, సాయంత్రం తమ్ముని ఇంటికి వెళ్లి ఆదికాండము 26వ అధ్యాయం తీశాను. గెరారు లోయలో ఇస్సాకు పనివారు బావి త్రవ్వారు. నీళ్లు మావే అని అక్కడి కాపరులు పోట్లాడారు. ఇస్సాకు మరొకటి త్రవ్వించాడు, దానికోసమూ జగడమే. అదీ విడిచి వెళ్లాడు. మూడవ బావికి ఎవరూ అడ్డు రాలేదు, దానికి రహెబోతు అని పేరు పెట్టాడు. "చూశావా తమ్ముడూ, విడిచిపెట్టినవానికి దేవుడే చోటు చూపించాడు. మూరెడు నేల కోసం మనకెందుకు?" అన్నాను.

అతను చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయ్యగారూ, అన్న మాట విన్నారు. నా మాట ఎప్పుడు వింటారు?" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మొదట మాట్లాడినవాడు న్యాయవంతుడిలాగే కనిపిస్తాడని, ఎదుటివాడు వచ్చాక గాని సంగతి తేలదని సామెతలు 18:17 చెప్పడం నాకు తెలియనిది కాదు. దానిమీద ప్రసంగం కూడా చేశాను! లేచి ఆదికాండము మళ్లీ చదివాను. ఈసారి 16వ వచనం దగ్గర ఆగిపోయాను. ఇస్సాకును వెళ్లిపొమ్మనడానికి అబీమెలెకు చెప్పిన కారణం ఏమిటి? నీవు మాకంటే బలవంతుడవయ్యావని. అంటే బావులు విడిచినవాడు దిక్కులేనివాడు కాడు. విత్తిన సంవత్సరమే నూరంతలు పండించినవాడు, మందలు, పనివారు ఉన్నవాడు. పోరాడగల శక్తి ఉండి విడిచిపెట్టాడు. ఎకరం నేల మీద బ్రతికే తమ్మునికి నేను చదివిన పాఠం అన్నగారికి చదవవలసినది.

సమాధానం పేరుతో మనం తరచుగా చేసేది ఇదే. ఎవరిని తగ్గించడం తేలికో వారినే తగ్గమంటాము. కోడలిని సర్దుకోమంటాము. కూలివానిని ఊరుకోమంటాము. భర్త కొట్టగా పుట్టింటికి చేరిన బిడ్డకు ప్రార్థన చేసి, మళ్లీ అదే ఇంటికి పంపుతాము. ఆమెకు ముందు కావలసింది భయం లేకుండా నిద్రపోయే చోటు. ఈ మాట మన సంఘాలలో కొందరికి నచ్చదని తెలిసే వ్రాస్తున్నాను.

మరునాడు అన్నగారి దగ్గరకు ఒంటరిగా వెళ్లాను. అదే అధ్యాయం చదివాను. ఆయనకు కోపం వచ్చింది. రెండు ఆదివారాలు ఆరాధనకు రాలేదు. పెద్దాయనను నొప్పించానని కొందరు నన్నే తప్పుపట్టారు. మూడవ వారంలో ఆయనే కబురు పంపాడు, సర్వేయరును పిలిపిద్దామని.

కొలతల రోజున, ఒకరి మాటే విని వచ్చినందుకు అందరి ముందూ తమ్ముణ్ణి క్షమించమని అడిగాను. గొలుసు పట్టి చూస్తే గట్టు ఒక కొసన జానెడు, మరో కొసన మూరెడు పైగా జరిగి ఉంది. అన్నగారు ఏమీ అనలేదు. పార తీసుకుని మొదటి మట్టిపెళ్ల తానే తీశాడు.

నేను ఆ ఊరు వదిలేనాటికి వారు మునుపటిలా కలసిమెలసి లేరు. కాని ఆ క్రిస్మసుకు అన్నగారి ఇంటినుండి తమ్ముని ఇంటికి అరిసెల గిన్నె వెళ్లింది. ఆ గిన్నె తిరిగి వచ్చినప్పుడు ఖాళీగా రాలేదు.