ఊ కొట్టేవాళ్లు ఏరీ?

"స్టేజ్ ఫియర్ పోగొడతాం" అని అమీర్‌పేట గోడలు చెప్తాయి. ఫోన్ తెరిస్తే రీల్స్‌లో అదే పాట. అద్దం ముందు నిలబడి మాట్లాడమంటారు. ఛాతీ విరుచుకుని నడవమంటారు. ఎదురుగా కూర్చున్నవాళ్లని క్యాబేజీలనుకోమంటారు. ఈ చివరి సలహా వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆదివారం పూట పనులు మానుకుని, రెండు బస్సులు మారి, ఒకరి మాట వినడానికి వచ్చిన మనిషి క్యాబేజీ ఎందుకవుతాడు? నిజానికి అలా అనుకోగలిగిన వక్తలు మన సాహిత్య సభల నిండా ఉన్నారు. వాళ్లు ఏ కోర్సులోనూ చేరలేదు. ఆ విద్య వాళ్లకి పుట్టుకతోనే వచ్చేసినట్టుంది.

అందుకే అంటున్నా, మన దగ్గర కరువు ధైర్యానికి కాదు. ధైర్యం అక్కర్లేని చోట గుట్టలు గుట్టలుగా పడి ఉంది. కరువంతా మాట్లాడే విద్యకి, అంతకంటే ఎక్కువగా వినే అలవాటుకి. ఈ రెండూ లేని చోట భయపడే కుర్రాళ్లని పట్టుకుని "నీకు కాన్ఫిడెన్స్ లేదు" అనడం, ఇంట్లో బియ్యం లేకుండా పిల్లకి వంట రాదని తిట్టడం లాంటిది.

చిక్కడపల్లిలోనో బాగ్‌లింగంపల్లిలోనో ఏదో ఒక హాలుకి, ఏదో ఒక పుస్తకావిష్కరణకి వెళ్లి చూడండి. కార్డులో ఆరు గంటలకని ఉంటుంది. ఆరున్నరకి మైకు "హలో, హలో" అంటుంది. వేదిక మీద తొమ్మిది కుర్చీలు. కింద ముప్పై మంది, వాళ్లలో పది మంది కవిగారి చుట్టాలు. సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి (ఈ చివరి ముగ్గురికీ తేడా ఏమిటో ఇన్నేళ్లయినా నాకు తెలీలేదు). ముందు అందర్నీ పేరు పేరునా వేదిక మీదకి పిలుస్తారు. తర్వాత శాలువాలు. తర్వాత ప్రతి వక్తా మళ్లీ ఆ తొమ్మిది మందినీ పేరు పేరునా సంబోధిస్తాడు. ఎవరినైనా వదిలేస్తే మధ్యలో ఆగి క్షమాపణ చెప్పి, ఆ పేరు ముందు రెండు బిరుదులు తగిలిస్తాడు.

అప్పుడు మొదలవుతుంది అసలు సంగతి. "సమయాభావం వల్ల రెండే రెండు మాటలు" అన్నాయన నలభై నిమిషాలకి గానీ మైకు వదలడు. "పుస్తకం నిన్న రాత్రే చేతికందింది, పూర్తిగా చదవలేకపోయాను గానీ" అని ఇంకొకాయన. ఈ మాట ఏ మాత్రం సిగ్గు లేకుండా, పైగా తన తీరుబడి లేనితనానికి మెడల్ లాగా చెప్తాడు. చదవలేదు కాబట్టి పుస్తకం మీద మాట్లాడలేడు. కాబట్టి వేదాల దగ్గర మొదలుపెట్టి, నన్నయ మీదుగా, తను 1985లో ఒక మహాకవితో కలిసి రైల్లో ప్రయాణించిన వైనం దాకా వస్తాడు. నిర్వాహకుడు చీటీ పంపిస్తాడు. ఆయన చీటీ చదివి, జేబులో పెట్టుకుని, "ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను" అంటాడు. ఆ ఒక్క మాటకి పదిహేను నిమిషాలు. చివరికి పుస్తకం రాసిన మనిషికి మైకు దొరికేసరికి తొమ్మిదవుతుంది. వాచ్‌మన్ వెనక వరుసల్లో ఫ్యాన్లు కట్టేస్తుంటాడు.

ఈ వక్తల్లో ఎవరికైనా ఆత్మవిశ్వాసం తక్కువైందని అనగలమా? నాకైతే వీళ్లకి కాస్త భయముంటే బాగుండుననిపిస్తుంది. మాట్లాడే ముందు గుండె కొట్టుకోవడంలో సగం, ఎదుటివాళ్ల సమయం మీద గౌరవమే. చెప్పబోయేది వినదగ్గదేనా అన్న అనుమానం లోపల ఉన్నవాడే నాలుగు పేజీలు ఎక్కువ చదువుకుని వస్తాడు.

గాంధీగారిని కూడా ఈ ధైర్యం వ్యాపారంలో వాడేస్తుంటారు. బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో మొదటి కేసుకి లేచి నోరు పెగలక కూర్చుండిపోయిన కుర్రాడు చివరికి దేశాన్నే కదిలించాడు, కాబట్టి మీరూ ఫీజు కట్టండి, అని. ఆత్మకథలో ఆయన చెప్పుకున్నది వేరు. ఆ బిడియం తనకి నష్టమేమీ చెయ్యలేదని, అది చేసిన పెద్ద మేలు మాటల పొదుపు నేర్పడమని రాసుకున్నాడు. పొదుపు! ఏ క్లాసులోనైనా ఈ మాట విన్నారా?

క్లాసుల్లో వినేది 7-38-55. మొదటి గంటలోనే ఈ లెక్క బోర్డెక్కుతుంది. సంభాషణలో మాటల విలువ 7 శాతం, గొంతు 38, ఒంటి తీరు 55 అట. ఈ అంకెలకి మూలం ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో ప్రచురించిన రెండు ప్రయోగాలు. అక్కడ వినిపించినవి ఉపన్యాసాలు కావు, టేపు మీద విడివిడి మాటలు. చూపించినవి ముఖాల ఫొటోలు. మాట్లాడే మనిషికి ఎదుటివారి మీద ఇష్టమా, అయిష్టమా అన్నది దేన్ని బట్టి పసిగడతాం అన్నదే అక్కడి ప్రశ్న. భావాలు, ఇష్టాయిష్టాల విషయంలో తప్ప మిగతా సంభాషణకి ఈ లెక్క వర్తించదని ఆయనే స్పష్టంగా చెప్పాడు. అయినా అరవై ఏళ్లుగా తిరుగుతూనే ఉంది. మాటల విలువ నిజంగా 7 శాతమే అయితే, తమిళం ముక్క రానివాడికి తమిళ ఉపన్యాసం 93 శాతం అర్థం కావాలి.

ఈ లెక్క ఎందుకంత ముద్దొస్తుందంటే, దీనితో చదవాల్సిన పని తప్పిపోతుంది. విషయం 7 శాతమే కదా. చేతులెలా ఊపాలో నేర్చుకుంటే చాలు.

మరి నిజంగా భయపడుతున్నది ఎవరు? వాళ్ల కథ ఎక్కడ మొదలైందో చూడండి. బళ్లో తెలుగులో మాట్లాడితే ఫైన్. ఇంగ్లిష్‌లో తప్పు మాట్లాడితే నవ్వు. మాట్లాడకపోతే "గుడ్ బాయ్". తర్వాత ఇంటర్. నేను చదివిన కాలేజీలో తెల్లారకముందు నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లే. ఆ రెండేళ్లలో ఏ ఒక్కరూ లేచి ఐదు నిమిషాలు దేని గురించైనా మాట్లాడిన సందర్భం నాకు గుర్తు లేదు. నోటికి పని పడింది మెస్సులోనే. అలా నోరు కుట్టేసి పంపిన పిల్లలకి ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో "కమ్యూనికేషన్ స్కిల్స్ పూర్" అని ముద్ర వేస్తారు. కుట్టినవాళ్లూ బాగానే సంపాదించారు, ఇప్పుడు కుట్లు విప్పుతామంటున్నవాళ్లూ సంపాదిస్తున్నారు.

ఇవన్నీ దాటుకుని ఒకడు సాహిత్య సభకి వచ్చాడనుకుందాం. కరీంనగర్ కుర్రాడు "అచ్చిండు" అనగానే, శ్రీకాకుళం అమ్మాయి "ఏటి" అనగానే ముందు వరుసలో చిరునవ్వులు మొదలవుతాయి. వాళ్లు చెప్తున్నది చావు కబురైనా సరే. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతికి వాడుక భాష గొప్పతనం గురించి మనం ఉపన్యాసాలిస్తాం. చాలా వరకు గ్రాంథికంలోనే!

ఆడవాళ్ల సంగతి ఇంకో రకం. వాళ్లకి వేదిక మీద చోటు లేదని ఎవరూ అనరు. ప్రార్థనా గీతం వాళ్లదే. శాలువాల పళ్లెం వాళ్లదే. అందర్నీ పిలిచే పని వాళ్లదే, చివర్లో వందన సమర్పణా వాళ్లదే. సభ మొత్తంలో అందరికంటే ఎక్కువసార్లు మైకు పట్టుకున్నది ఆ అమ్మాయే. సొంత అభిప్రాయం ఒక్కటీ చెప్పకుండా ఇంటికెళ్లేదీ ఆ అమ్మాయే. ఆమెకి "స్టేజ్ ఫియర్" లేదు కదా, మరి అప్పుడేమంటారు?

భయం మాట్లాడేవాడి గుండెలో ఒంటరిగా పుట్టదు. సగం హాల్లో పుడుతుంది. ఇది మన పెద్దవాళ్లకి బాగా తెలుసు. అమ్మమ్మ కథ చెప్పాలంటే మొదటి షరతు ఏమిటి? ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే కథా ఆగుతుంది. వినడం అంటే నోరు మూసుకుని కూర్చోవడం కాదు, అదొక పని. బుర్రకథ అంతా ఈ పని మీదే నడుస్తుంది. నడుమ తంబూరాతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. జనానికి వచ్చే అనుమానాన్ని జనం కంటే ముందు వంత అడుగుతాడు. కథ బరువెక్కితే తేలిక చేస్తాడు, గాల్లోకి పోతే ఇవాళ్టి ధరల దగ్గరకి లాక్కొస్తాడు. షేక్ నాజర్ అంతటి కథకుడు కూడా ఇద్దరు వంతల మధ్యే నిలబడ్డాడు. అష్టావధానంలో అయితే వినేవాళ్లకి ఏకంగా హోదాలే ఉన్నాయి. ఎనిమిది మంది పృచ్ఛకులు. అందులో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన పని అవధాని ధ్యాస చెడగొట్టడమే. ఆ ఎనిమిది కుర్చీలూ తరతరాలుగా ఏ ఇళ్ల మగవాళ్లకి దక్కాయన్నది వేరే పేచీ, అది మర్చిపోయి మురిసిపోనక్కర్లేదు. కానీ వినడాన్ని విద్యగా చూసిన సంగతి మాత్రం నిజం.

మన దగ్గరే కాదు. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ ముందు రాసిన కాగితం ఉంది. చాలాసేపు దాన్ని చూసే మాట్లాడాడు. దగ్గర్లో ఉన్న గాయని మహాలియా జాక్సన్ ఆ కల సంగతి చెప్పమని కేకేసిందని, అప్పుడు ఆయన కాగితం పక్కన పెట్టాడని, ఆ ప్రసంగం రాయడంలో సాయపడ్డ క్లారెన్స్ జోన్స్ చెప్పాడు. నల్లవాళ్ల చర్చిలో పాస్టర్ ఒక్కడే మాట్లాడడు, జనం ప్రతి వాక్యానికీ బదులిస్తారు. ఆ కేక అలాంటి ఊ. ఇంకో సంగతి, ఆ కల అప్పటికప్పుడు ఊడిపడింది కూడా కాదు. అంతకు రెండు నెలల ముందే డెట్రాయిట్‌లో చెప్పి ఉన్నాడు. జనం ముందు చెప్పి, చూసి, సానబెట్టుకున్న మాట అది.

టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్ని వెక్కిరించే సాహితీ మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. నేను వెళ్లినవన్నీ ఇంగ్లిష్‌వే, ఆ కోట్ల సంస్కృతి నాకూ పెద్దగా నచ్చదు. అయితే 1924లో కాలిఫోర్నియాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన ఆ పద్ధతిలో ఒక మర్యాద ఉంది. ఒకరు గడియారం చూస్తారు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలు చూపిస్తారు. ఒకరు "ఆ...", "మ్..." లాంటివి లెక్కపెడతారు. ఒకరు ప్రసంగం విని, ఏది బావుందో ఏది లేదో నిలబడి చెప్తారు. అంటే వినేవాళ్లందరికీ పని. మన మహామహులు ఆ ఎర్రదీపం ముందు ఒక్కసారి నిలబడితే చూడాలని నా కోరిక.

మేం పదకొండు మందిమి రెండేళ్లుగా నెలకోసారి ఒక స్నేహితురాలి ఇంటి మేడ మీద కలుస్తున్నాం. ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు. చదవని పుస్తకం గురించి మాట్లాడకూడదు. ఇద్దరు ఊ కొట్టేవాళ్లుంటారు. ఒకరు మధ్యలో ప్రశ్న అడగొచ్చు. రెండోవాళ్లు తమకి అర్థమైనదాన్ని ఒక్క వాక్యంలో రాసి చివర్లో చదువుతారు. వక్త చెప్పాలనుకున్నదీ ఆ వాక్యమూ కలవకపోతే వచ్చే నెల అదే విషయం మళ్లీ. సగం సార్లు కలవదు. ఎంత మాటకారికైనా అక్కడ నేల కనిపిస్తుంది.

సోంపేట నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే ఒకమ్మాయి మొదటి నెల ఒక కథ గురించి మాట్లాడబోయి మూడో నిమిషానికి ఆగిపోయింది. "భయపడకు", "బోల్డ్‌గా ఉండు" అని ఎవరూ అనలేదు. ఊ కొట్టేవాడు మాత్రం, "అంతా ఊరొదిలేశాక ఆ ముసలామె ఒక్కతే ఎందుకు ఉండిపోయింది?" అని అడిగాడు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఆమె అతనికి చెప్పడం మొదలుపెట్టింది, పది నిమిషాలు చెప్పింది. గంట కొట్టాల్సిన మనిషి గంట మర్చిపోయాడు. ఇప్పటికీ ఆమె చేతులు వణుకుతాయి. కాగితం రెపరెపలాడకుండా బల్ల మీద పెట్టి చదువుతుంది.

చదువుతుంది, అవును. చూసి చదవడం చిన్నతనమని మన వక్తల నమ్మకం. ఏమీ రాసుకోకుండా రావడమే ప్రతిభ అట. నాకైతే చక్కగా రాసుకుని, ఇంట్లో రెండుసార్లు పైకి చదువుకుని, నాలుక తడబడ్డ చోట వాక్యం విరగ్గొట్టి, సగం కొట్టేసి తెచ్చిన రెండు పేజీలు ఏ ఆశువు కన్నా ఎక్కువ ఇష్టం. ఫోన్లో రికార్డ్ చేసుకుని సొంత గొంతు వినడం మొదట్లో నరకం. అయినా అద్దం కంటే ఫోనే మేలు. అద్దంలో మొహమే కనిపిస్తుంది, మాట కనిపించదు.

"సభలంటే మరీ అంత లెక్కలా? పెద్దవాళ్లని గౌరవించుకోవద్దా?" అంటారు. గౌరవించుకోండి. శాలువా గుమ్మం దగ్గరే కప్పండి, ముందు వరుసలో కూర్చోబెట్టండి, భోజనం పెట్టండి. వేదిక మీద మాత్రం మూడు కుర్చీలు చాలు. పుస్తకం చదివినవాళ్లిద్దరు, రాసినవాళ్లొకరు. రాసిన మనిషి ముందు మాట్లాడాలి, హాలు నిండుగా ఉన్నప్పుడు. పావుగంట దాటితే మైకు ఆపేసే అధికారం ఆపరేటర్ కుర్రాడికివ్వండి. ఇవేవీ ఖర్చుతో కూడిన పనులు కావు. చేస్తే ఎవరికి కోపమొస్తుందో నిర్వాహకులందరికీ తెలుసు, అందుకే చెయ్యరు.

సోంపేట అమ్మాయిని వచ్చే నెల ఒక పెద్ద సభకి రమ్మని పిలిచారు. వందన సమర్పణకి. రానని చెప్పింది. పుస్తకం మీదైతే ఏడు నిమిషాలు మాట్లాడతానంది. వాళ్ల దగ్గర్నుంచి ఇంకా జవాబు రాలేదు.